రెండు పుట్లు

మధ్యాహ్నం రెండింటికి జీపు వస్తుంది. మైసయ్యను ఎక్కించుకుని పాలమూరు కోర్టుకు తీసుకుపోతుంది. హత్య చేశానని తన నోటితో తానే ఒప్పుకున్న మనిషికి ఆ తర్వాత ఉన్న దారి ఒక్కటే. అది ఎక్కడికి పోతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పర్వతాలు చింతలరేవు పోలీసు చౌకీ మెట్లెక్కేసరికి పది గంటల ఇరవై నిమిషాలైంది. కొల్లాపూర్ నుంచి వచ్చే బస్సు దారిలో రెండుసార్లు మొరాయించకపోతే ఇంకో గంట చేతిలో ఉండేది. ఇప్పుడున్నది మూడు గంటల నలభై నిమిషాలు.

పేరు పర్వతాలే గాని మనిషి ఐదడుగుల మూడంగుళాలు. గొర్రెలు కాసిన ఇంట పుట్టాడు. పన్నెండేళ్లు పోలీసు జమేదారుగా చేసి, పై అధికారి రాసిమ్మన్న అబద్ధం రాయనని ఉద్యోగం వదులుకున్నాడు. ఇప్పుడు మహబూబ్‌నగర్ బస్టాండు ఎదురుగా ఒక గది కిరాయికి తీసుకుని వకీళ్లకు ఆరాలు తీసిపెడుతున్నాడు. తెలివైనవాడు. తెలివైనవాడినని ఆయనకూ తెలుసు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

చచ్చిపోయిన కుర్రాడు అమరేందర్. ఇరవై ఎనిమిదేళ్ల డ్రాయింగు మాస్టరు. ఐదేళ్లుగా ప్రతి పుష్యమాసంలో, కృష్ణ నెమ్మదించాక, స్నేహితులతో కలిసి మైసయ్య పుట్టి ఎక్కి ఏటి నడుమ గడ్డలన్నీ తిరిగేవాడు. వెదురు బుట్టకు తోలు బిగించిన ఆ గుండ్రటి పడవలో నాలుగైదు రోజులు ప్రయాణం, గడ్డ మీదే వంట, గడ్డ మీదే పడక. ఈ ఏడు ఆ స్నేహితుల్లో జంగయ్య భార్య ప్రసవమని రాలేదు. లింగస్వామి ఎప్పటిలాగే వచ్చాడు. నిన్నగాక మొన్న, ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అమరేందర్ శవం రేవు కింద రాళ్లలో దొరికింది. తల పగిలి ఉంది.

చౌకీలో కటకటాల వెనక మైసయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. యాభై దాటిన బెస్తమనిషి. తెడ్డు పట్టి పట్టి అరచేతులు కాయలు కాశాయి.

"మైసయ్యా, నా పేరు పర్వతాలు. అమరేందర్ తల్లి అరుణమ్మ పంపితే వచ్చిన."

"గా తల్లికి నా మొకం ఎట్ల జూపియ్యాలె అయ్యా?" మైసయ్య తలెత్తలేదు. "నేనే చంపిన అని చెప్పిన గద. ఇంక అడిగేదేముంది?"

"ఎట్ల చంపినవు?"

"తెడ్డుతోని నెత్తి మీద కొట్టిన."

"ఎడమ దిక్కా, కుడి దిక్కా?"

మైసయ్య అరచేతులు చూసుకున్నాడు. "యాదికి లేదు."

"ఎన్ని గంటలకు?"

"ఏడు గొట్టంగ. ఇన్‌స్పెక్టర్ సారు గట్లనే రాసుకున్నడు."

"సారు రాసింది నేను చదివిన. నీకు యాదికున్నది చెప్పు."

"నాకు యాదికున్నది గూడ గదే."

పర్వతాలు చువ్వలకు దగ్గరగా జరిగాడు. "ఎందుకు కొట్టినవు?"

"వడ్ల లొల్లి. దొంగ వడ్లు ఏరు దాటిస్తున్నం. మాట మాట పెరిగింది."

"ఏం వడ్లు?"

"ఏం వడ్లంటే... మంచి వడ్లు."

ఏరు దాటించే వడ్ల రకం పేరు తెలియని దొంగను పర్వతాలు ఇంతవరకూ చూడలేదు. "మాస్టరు నీకు ఉత్తరం రాసిండట. నీ ఇంటి కప్పుల దొరికిందట. నీకు చదువొస్తదా?"

"నాకా? ఒక్క అక్షరం రాదు."

"మరి ఎవరు చదివి చెప్పిండ్రు?"

మైసయ్య మొదటిసారి తలెత్తి చూశాడు. కళ్లలో నీళ్లు లేవు. భయం ఉంది. ఉరికి సిద్ధపడ్డవాడికి ఇంకా భయపడడానికి ఏం మిగిలిందో పర్వతాలుకు అర్థం కాలేదు.

"ఎవరో... తోవల పోయెటోడు."

"దొంగ వడ్ల ఉత్తరం తోవల పోయెటోనితోని చదివించినవా? భలేగుంది నీ కథ. జర నిజం చెప్పు, నిన్ను మాపటాలకు ఇంటికి తోలిస్త."

"వద్దయ్యా! నీ కాళ్లు మొక్కుత. నిండ మునిగినోనికి చలేంది? నన్ను గిట్ల పోనియ్యి." అటు తిరిగి గోడ వైపు ముఖం పెట్టుకున్నాడు.

విడిపిస్తానంటే వద్దనే ఖైదీ! సిగ్గుతో అంటున్నాడనుకున్నాడు పర్వతాలు. తిన్న ఇంటి పిల్లాణ్ణి కాపాడలేకపోయానన్న దుఃఖం అనుకున్నాడు. అక్కడే కాస్త నిలబడి ఇంకొంచెం ఆలోచించి ఉంటే ఈ కథ వేరేలా నడిచేది. కాని గడియారం పదకొండు దాటింది.

బయట అరుగు మీద అరుణమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో కొడుకు బొమ్మల పుస్తకం. పక్కన లింగస్వామి, గడ్డం మాసి, కళ్లు ఎర్రబడి, ఆమెకు ఇత్తడి చెంబుతో నీళ్లు పట్టిస్తున్నాడు. కలప డిపోలో గుమాస్తా. అమరేందర్‌తో ఆరో తరగతి నుంచీ ఒకే బల్ల మీద కూర్చున్నవాడు.

"ఏమన్నడు నాయినా?" అంది అరుణమ్మ.

"తానే చంపిన అంటున్నడు అమ్మా."

"అబద్ధం. నా కొడుక్కు ఈత నేర్పినోడే మైసయ్య. ఎవరినో ఒకర్ని ఉరేస్తే నా కొడుకు లేచి రాడు. గాయన్ని ఉరేస్తే నా కొడుకు రెండోసారి చచ్చినట్టు." పుస్తకం ముందుకు చాపింది. "చూడు, గడ్డలన్నీ ఎంత మంచిగ గీసిండో. గిది కొంగలగడ్డ. గిది దుప్పిగడ్డ, ఎదురుంగ కనబడేది గదే. నేను ఒక్కటి గూడ చూడలే. వచ్చే ఏడు నిన్ను గూడ తీస్కపోతనే అమ్మా అన్నడు. వచ్చే ఏడు..."

పర్వతాలు పుస్తకం అందుకుని తిప్పాడు. ప్రతి గడ్డ కింద పేరు, తేదీ, తిన్న చేప పేరు కూడా రాసి ఉంది. చివరి బొమ్మ ఉండాల్సిన చోట కాగితం లేదు. చింపిన అంచు మాత్రం మిగిలింది.

"గిది ఎవరు చింపిండ్రు?"

"నీళ్లల్ల నాని ఊడిపోయిందేమో అన్నా," అన్నాడు లింగస్వామి మెల్లగా. "పుట్టి బోల్తా కొట్టినప్పుడు అన్నీ తడిసినయి గద."

పర్వతాలు పుస్తకం అరుణమ్మ చేతికిచ్చి, లింగస్వామి వాంగ్మూలం ఇంకోసారి అడిగాడు. అతను తడుముకోకుండా చెప్పాడు. ఆదివారం ఆరున్నరకు దుప్పిగడ్డ నుంచి ముగ్గురూ ఒకే పుట్టిలో బయలుదేరారు. ఏడింటికి సుడి దగ్గర వడ్ల గురించి తగాదా. మైసయ్య తెడ్డుతో కొట్టాడు. ఆ కుదుపుకు పుట్టి బోల్తా పడింది. లింగస్వామి ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. మైసయ్య పుట్టిని తిరగేసి తోలుకొచ్చాడు. అమరేందర్ మళ్లీ పైకి రాలేదు.

ఏటికి పోయే దారిలోనే మైసయ్య గుడిసె. తలుపుకు గొళ్లెం. భార్య పోయి మూడేళ్లు. పద్దెనిమిదేళ్ల కూతురు జానమ్మ ఆదివారమే మేనత్త ఊరికి పోయిందని పక్కింటి బక్కమ్మ చెప్పింది, చెప్పి గబుక్కున లోపలికి పోయింది. పర్వతాలు గుడిసె వెనక్కు నడిచాడు. తోలు పుట్టిని నీళ్లలోంచి తీయగానే బోర్లించి ఆరబెట్టాలి. లేకపోతే తోలు కుళ్లిపోతుంది. ఏళ్ల తరబడి ఒకేచోట బోర్లిస్తే కింద గడ్డి గుండ్రంగా మాడిపోతుంది. ఆ వెనక మాడిన గుండ్రాలు రెండున్నాయి. మూరేసి చూశాడు. ఒకటి ఐదు మూరలు. ఒకటి మూడే.

ఓహో అనుకున్నాడు.

ఇసుకలో, నీటికి పది అడుగుల దూరంలో మైసయ్య పుట్టి బోర్లించి ఉంది. ఒక్కటే పుట్టి. బెస్తపేటలోని మిగతా తొమ్మిదింటినీ ఆదివారం మధ్యాహ్నమే మూడు మైళ్ల ఎగువన ఉన్న పై రేవుకు తోలించాడు ఇన్‌స్పెక్టర్, సాక్షులు ఏరు దాటి పారిపోకుండా. ఇది నేరానికి సంబంధించిన వస్తువు కాబట్టి ఇక్కడే ఉంచాడు. తెడ్డు కూడా పక్కనే పడి ఉంది.

పదకొండు యాభై. పర్వతాలు అక్కడ కాపలా ఉన్న కానిస్టేబుల్ చేత ఒక చేయి వేయించి పుట్టిని వెల్లకిలా తిప్పాడు. మోకాళ్ల మీద కూర్చుని వెదురు అల్లికంతా వేళ్లతో తడిమాడు. చేప పొలుసులు, ఎండిన మట్టి. అంచుకు జానెడు కింద, రెండు బద్దల నడుమ, పాత చీర పేలికలో చిన్న మూట కట్టి ఉంది. ముడి గట్టిగా ఉంది. విప్పాడు.

కళ్లుప్పు. గడ్డ మీద వంటకు తీసుకుపోయిన ఉప్పు. ఒక్కో పలుకు కొత్తగా దంచినంత పదునుగా ఉంది. పేలిక మీద నీటి చార కూడా లేదు. ఒకటి నాలుక మీద వేసుకుని చూశాడు. ఎందుకు చూశాడో ఆయనకే తెలియదు. ఉప్పు ఉప్పగానే ఉంది. ఉప్పు కరగలేదంటే ఈ పుట్టి బోల్తా పడలేదు. పుట్టి బోల్తా పడలేదంటే లింగస్వామి చెప్పింది మొత్తం కట్టుకథ.

"దొరికిందా అండీ పర్వతాలు గారూ, నిధి?"

ఇన్‌స్పెక్టర్ వీరభద్రం ఇసుకలో బూట్లు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. రాష్ట్రాలు కలిశాక గుంటూరు దిక్కు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. లంచం ముట్టడు, అబద్ధమాడడు. తనకు తెలియనిది ఉందని మాత్రం ఒప్పుకోడు. వెనకే లింగస్వామి, చేయి పట్టుకుని అరుణమ్మ, ఇంకో కానిస్టేబుల్.

"ముద్దాయి నేనే చంపానంటున్నాడు. సాక్షి చూశానంటున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?"

"ఉత్తరం చూపిస్తరా సారూ?" అన్నాడు పర్వతాలు.

"చూడండి. మీ బోటివాళ్లకు భయపడి దాచుకునేదేం లేదు."

చిన్న కాగితం. గుండ్రటి చేతిరాత. పర్వతాలు పైకే చదివాడు. "మైసయ్యా, ఐతారం తెల్లారేసరికి రెండు పుట్లు దుప్పిగడ్డకు చేరాలె. నాకు అద్దరికి పోయే పనున్నది. ఎవ్వరికి చెప్పకు. అమరేందర్."

చదివి నవ్వాడు. ఆ నవ్వు ఆయన జీవితంలో చేసిన పెద్ద తప్పుల్లో మొదటిది.

"సారూ, గీ రెండు పుట్లంటే ఏమనుకున్నరు?"

"ఏమనుకోవడమేమిటండీ? పుట్టి అంటే ఇరవై తూములు. రెండు పుట్ల వడ్లు. గడ్డ మీద దాచి అవతలి జిల్లాకు దొంగతనంగా చేరవేస్తున్నారు."

"గీ కాగితంల వడ్లన్న మాట యాడుంది?"

ఇన్‌స్పెక్టర్ కాగితం లాక్కుని చూశాడు. చూసిందే మళ్లీ చూశాడు.

"మీ దిక్కు దీన్ని ఏమంటరు?" పర్వతాలు పుట్టి అంచు మీద అరచేత్తో చరిచాడు.

"అరిగోలు అంటాం."

"మా ఏటి ఒడ్డున పుట్టి అంటరు సారూ. ఒకటైతే పుట్టి, రెండైతే పుట్లు. వడ్లు లేవు, దొంగతనం లేదు. ఐతారం తెల్లారి ఏట్ల రెండు పుట్లుండె. ఒకటి గిది. గిది బోల్తా పడలే, ఇగో సాక్ష్యం." ఉప్పు మూట విప్పి అందరి ముందూ పట్టాడు. "రెండోది చిన్నది, మూడు మూరలది. మైసయ్య ఇంటెనక దాని మచ్చ ఉన్నది. దాన్ని ఎవరో తెడ్డేసుకుంట గడ్డకు పోయిండ్రు. గా మనిషి దొరికితే అమరేందర్‌ను ఎవరు కొట్టిండ్రో దొరికినట్టే."

ఓరగా లింగస్వామి ముఖం చూశాడు. రక్తం దిగిపోయి సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆ ముఖం చూడాలనే ఇంతమంది ముందు చెప్పాడాయన. చూశాడు. తృప్తి పడ్డాడు.

"ఉంటే ఆ రెండో అరిగోలు ఏదండీ?" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. "గాల్లో కలిసిపోయిందా?"

"గీ ఒడ్డున లేదు, మీరే ఊడ్చి పై రేవుకు పంపిండ్రు. అద్దరిన కర్నూలు పోలీసులున్నరు, రెండు దినాల సంది ఒక్క పుట్టి గూడ దాటలేదని మీరే రాసిండ్రు. ఇగ మిగిలిందేంది?" చేయి చాపి ఏటి నడుమ నల్లటి రాళ్ల గుట్టను చూపించాడు. "దుప్పిగడ్డ. గా పుట్టి, గా మనిషి గూడ ఆడనే ఉండాలె."

అరుణమ్మ ఏడుపు ఆపి వింటోంది. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. మొండివాడే గాని నీచుడు కాదు. "పుట్టి," అన్నాడు తనలో తాను. "ఎవడూ చెప్పలేదేమయ్యా నాకు? ఇంతమందిలో ఒక్కడూ దిద్దలేదే?"

"మైసయ్యనే అడుగుదాం. ముందు జీపు ఆపించుండ్రి."

"వీణ్ణి?" ఇన్‌స్పెక్టర్ లింగస్వామి వైపు చూశాడు. "ఉప్పు మూటను నమ్ముకుని సంకెళ్లు వేయలేనండీ. ముందు మైసయ్య మాట మార్చాలి."

"నేనెక్కడికి పోత సారూ?" అన్నాడు లింగస్వామి. "అమ్మ దగ్గరనే కూసుంట."

అరుణమ్మనూ, ఒక కానిస్టేబుల్‌నూ అతని దగ్గర వదిలి మిగతావాళ్లు చౌకీ దారి పట్టారు. ఎక్కడికి పోతాడులే, పుట్లన్నీ పై రేవులో ఉన్నాయి అనుకున్నాడు పర్వతాలు. ఎదురుగా ఇసుకలో వెల్లకిలా తిప్పి పెట్టింది కూడా పుట్టేనన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆయన కంటికి అది సాక్ష్యం.

చౌకీ చేరేసరికి ఒంటిగంట పది. ఇన్‌స్పెక్టర్ టెలిఫోను దగ్గర నిలబడి జీపు కోసం పాలమూరుతో అరుస్తున్నాడు. పర్వతాలు కటకటాల ముందు చతికిలబడ్డాడు. గెలిచినవాడి సంబరం గొంతులో దాగడం లేదు.

"మైసయ్యా, ఇగ ఫికర్ లేదు. నీ మీది కేసు పోయింది. వడ్ల ముచ్చట అబద్ధమని తేలింది. రెండు పుట్లంటే ఏందో సారుకు తెలియజెప్పిన."

మైసయ్య మెల్లగా ఇటు తిరిగాడు. "ఎవరి ముంగట చెప్పినవు?"

"అందరి ముంగట్నే."

"లింగస్వామి?"

"ఆడనే ఉండె. వాని మొకం చూడాలె నువ్వు..."

మైసయ్య రెండు చేతులతో చువ్వలు పట్టుకుని తల వాటికేసి కొట్టుకున్నాడు. ఒకసారి కాదు. పర్వతాలు లేచి చువ్వల సందులోంచి ఆయన భుజాలు పట్టుకోవలసి వచ్చింది.

"ఎంత పని చేసినవయ్యా! నా పాణం అడ్డంబెట్టి దాచుకున్న మాట, నువ్వు ఏటి ఒడ్డున దండోర ఏస్తివా? సారు వడ్లని చదివినప్పుడు గంగమ్మే కాపాడింది అనుకున్న. ఔ సారూ, వడ్లే అన్న. లింగస్వామి గూడ కాయితం చూడలే, సారు నోటెంట విని గదే మాట పట్టుకున్నడు. ఉరేస్తే ఎయ్యనియ్యి అనుకున్న."

"ఎవరిని దాచినవు? ఎవరు చూసిండ్రు?"

"నేను గడ్డకు ఆ కొసన వలలు ఎత్తుతున్న. చూసింది నేను గాదు." మైసయ్య గొంతు తగ్గించాడు. "నా బిడ్డ. నా జానమ్మ."

పర్వతాలు ఆయన భుజాలు వదిలేశాడు.

"లింగస్వామి డిపో మనుషులు అడవిల దొంగతనంగ చెట్లు కొట్టి, దుంగలు దుప్పిగడ్డ రాళ్ల సందున దాస్తున్నరు. మాస్టరు బొమ్మ గీసిండు. అద్దరికి పోయి పెద్దసార్లకు చూపిస్త అని, లింగస్వామి పక్కనుండంగ నోటితోని చెప్పలేక ఉత్తరం రాసి, శనివారం నేను ఇంటికి పోతుంటే చేతుల పెట్టిండు. ఉత్తరం నా బిడ్డనే చదివింది. గాయననే నేర్పిండు దానికి అక్షరాలు, ఏడాదికి నాలుగు దినాలు గడ్డ మీద కూసోబెట్టుకొని. చిన్న పుట్టి తీస్కొని తెల్లారకముందే పోయింది. పుట్టిని రాళ్ల చాటున ఆపేసరికి వాడు మాస్టరును ఎనకనుంచి తెడ్డుతోని..." చేత్తో చువ్వను కొట్టి చూపాడు. "దాన్ని వాడు చూడలే. చూసిందని తెలిస్తే బతకనియ్యడు. గుడిసెల ఉంటే ఎవరన్న అడుగుతరని గడ్డ మీదనే గుహల దాగుమన్న. మేనత్త ఊరు పోయిందని బక్కమ్మతోని చెప్పించిన. జానమ్మ ఉన్నదని వానికి ఎర్కలేదయ్యా. నువ్వు చెప్పేదాంక ఎర్కలేదు."

చదివి చెప్పింది ఎవరని తానే అడిగాడు. తోవల పోయేవాడంటే తానే నవ్వాడు. మేనత్త ఊరికి పోయిన కూతురి సంగతి తానే విన్నాడు. అన్నీ కళ్ల ముందున్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడకుండా, ఒక్క మాటకు అర్థం తెలుసునన్న మురిపెంలో నోరు పారేసుకున్నాడు. పెదవి దాటితే పృథివి దాటినట్టేనని గొర్రెల మంద కాడ వాళ్ల నాయిన రోజుకు పదిసార్లు చెప్పేవాడు.

పర్వతాలు పరుగు తీశాడు. ఇన్‌స్పెక్టర్ టెలిఫోను వదిలేసి వెంటపడ్డాడు. దారిలో చెప్పు తెగింది, ఆగలేదు.

ఇసుకలో కానిస్టేబుల్ ఒక్కడే అరుణమ్మకు కొంగుతో గాలి విసురుతున్నాడు. "పెద్దమ్మ కళ్లు తిరిగి పడిపోయింది సారూ. చెంబుల నీళ్లు తెస్తనని లింగస్వామి ఏట్లకు దిగిండు..."

పుట్టి ఉన్నచోట ఇసుకలో గుండ్రటి అచ్చు మాత్రం ఉంది. దాని పక్కన ఇత్తడి చెంబు బోర్లా పడి ఉంది. తెడ్డు లేదు.

ఏటి నడుమ, ఎండకు మెరుస్తున్న నీళ్ల మీద, మైసయ్య పుట్టి నెమ్మదిగా తిరుగుతూ దుప్పిగడ్డ వైపు సాగుతోంది. అందులో మనిషి వంగి వంగి తెడ్డు వేస్తున్నాడు. ఐదేళ్లు అదే దారిలో స్నేహితులతో తిరిగినవాడు, సుడి ఎక్కడుందో, రాళ్లెక్కడున్నాయో వాడికి కొట్టిన పిండి.

"జానమ్మా!" పర్వతాలు గొంతు చించుకుని అరిచాడు. గాలి ఎదురుగా వీస్తోంది. అరుపు తిరిగి ఆయన మీదే పడింది. రొమ్ము లోతు నీళ్లలోకి దిగాడు. ఈత రాదు.

అరుణమ్మ కళ్లు తెరిచి, చేయి అడ్డం పెట్టుకుని ఏటి వైపు చూసింది. "గా పుట్టిల పోతున్నది లింగస్వామేనా నాయినా? యాడికి పోతున్నడు?"

ఇన్‌స్పెక్టర్ ఒడ్డు పొడుగునా కలియజూశాడు.

"ఇంకో పుట్టి!" ఇన్‌స్పెక్టర్ అరిచాడు. ఇప్పుడు ఆ మాట ఆయన తప్పు లేకుండా పలికాడు. "ఎవరైనా ఇంకో పుట్టి తెండయ్యా!"

పర్వతాలు చొక్కా జేబులో ఉప్పు మూట తడిసి కరుగుతోంది. ఏట్లో ఉన్నవి రెండే పుట్లు. ఒకటి గడ్డకు పోతోంది. ఒకటి గడ్డ మీద, ఆ పిల్ల దగ్గర ఉంది. ఈ ఒడ్డున మూడోది లేదు.